ఐనాచురలిస్ట్: ఆ మొదటి వరసతోనే నా పేచీ

ఐనాచురలిస్ట్ అంటే మొక్కల, జంతువుల ఫొటో పెడితే పేరు సూచించే, ఆ పేరుని వాడేవాళ్లే సరిచూసే యాప్. ఖాతా తెరవడం, ఫొటో ఎక్కించడం లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఏళ్లతరబడి వాడాక ఈ యాప్ గురించి చెప్పాలనిపించేది ఒక్కటే. ఫొటో పెట్టగానే వచ్చే సూచనల జాబితాలో మొదటి పేరు. దాన్ని కళ్లు మూసుకుని నొక్కేసే అలవాటు ఎంత పాడు చేస్తోందో సీతాకోకచిలుకలు చూసేవాళ్లని అడగండి.

నిజానికి యాప్ దాచిందేమీ లేదు. జాబితా పైనే ఒక వాక్యం రాస్తుంది: ఇది ఫలానా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) అని మాత్రం గట్టిగా చెప్పగలను, అని. కింద వరసల్లో ఉన్నవి ఊహలు. పక్కనే ‘ఈ చుట్టుపక్కల ఉండొచ్చు’ అనే గుర్తు కనిపిస్తే అది మీ ఫొటో చూసి ఇచ్చిన తీర్పు కాదు, పటం చూసి చెప్పిన మాట. ఈ రెండూ చదవకుండా వేలు నేరుగా మొదటి పేరు మీదికి పోతుంది.

జిల్లేడు చెట్ల దగ్గర తిరిగే నారింజరంగు ప్లెయిన్ టైగర్‌నే తీసుకోండి. జిల్లేడు పాలలోని విషం వల్ల పిట్టలు దాని జోలికి పోవు. ఆ భయాన్ని వాడుకుని డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అచ్చం అదే వేషం కట్టింది. మగది మాత్రం నల్లగా, ఊదా అంచుల తెల్ల మచ్చలతో వేరే జాతేమో అన్నట్టుంటుంది. పిట్టని మోసం చేసే వేషం ఫోన్‌ని మోసం చేయడంలో వింతేముంది? తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్యలో నల్లచుక్కలు మూడు, మగదానికైతే నాలుగు. ఎగ్‌ఫ్లైకి ఒక్కటే, అదీ రెక్క పై అంచు దగ్గర. ముందు రెక్క వెనక రెక్కని కప్పేసిన ఫొటో పెట్టి జాతి పేరు ఆశించడం దండగ.

తప్పు పేరు పడితే ఏమవుతుంది? మీరు ప్లెయిన్ టైగర్ అన్నారు, ఇంకెవరో చూడకుండానే ‘అగ్రీ’ నొక్కారు. ఇద్దరికి ఇద్దరూ ఒకే మాట కాబట్టి అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొచ్చే స్థాయి, అయిపోతుంది. లైసెన్సు అనుమతిస్తే అక్కణ్ణుంచి జీబీఐఎఫ్‌ అనే ప్రపంచ జీవవైవిధ్య సమాచార నిధికీ, దాన్నుంచి పరిశోధకుల పటాల్లోకీ వెళ్తుంది. మూడో మనిషి వచ్చి కాదు, ఎగ్‌ఫ్లై అంటే? నియమం ప్రకారం మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే మాట చెప్పాలి. ముగ్గురిలో ఇద్దరంటే సరిగ్గా రెండు వంతులే, చాలదు. కాబట్టి ఆ పరిశీలన (మీరు ఎక్కించిన ఫొటో నమోదు) రెండు సీతాకోకచిలుకలకీ ఉమ్మడి అయిన నింఫాలిడే కుటుంబం దాకా వెనక్కి జారి, మళ్లీ ‘నీడ్స్ ఐడీ’లో, అంటే పేరు ఇంకా తేలాల్సినవాటిలో పడుతుంది.

ఒక్క మనిషి మాటకి ఇంత బలం ఉండటం నాకు బాగా నచ్చింది, మొదట్లో తెగ మెచ్చుకున్నాను కూడా. తర్వాత లెక్క వేస్తే తెలిసింది, పడగొట్టడం సులువే గానీ సరైన పేరుతో నిలబెట్టడం కష్టమని. ఒక తప్పుకి ముగ్గురు, రెండు తప్పులకి ఐదుగురు సరైనవాళ్లు కావాలి. నలుగురొస్తే ఆరింట నాలుగు, మళ్లీ సరిగ్గా రెండు వంతులే! పేరు పెట్టినవాళ్లు తమ గుర్తింపుని వెనక్కి తీసుకుంటే ఈ గొడవే ఉండదు. వాళ్లు యాప్ మానేసి ఉంటే మాత్రం అది అలా వేలాడాల్సిందే. అందుకే ఎవరైనా వ్యాఖ్య రాస్తే వెంటనే చూడండి, అనుమానం తగిలితే ‘విత్‌డ్రా’ నొక్కండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

సూచన కుదరాలంటే ఒకే ప్రాణివి మూడు నాలుగు ఫొటోలు ఒకే పరిశీలనలో పెట్టాలి. సీతాకోకచిలుకకి రెక్క పైభాగం, అడుగుభాగం. మొక్కకి పువ్వు, కాయ, ఆకు వెనకవైపు, కొమ్మకి ఆకులు అతుక్కున్న తీరు. రెండు సీతాకోకచిలుకలని ఒకే పరిశీలనలో కలిపేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మెసేజింగ్ యాప్‌లో వచ్చిన ఫొటో అయితే తేదీ, చోటు మామూలుగా ఊడిపోయి ఉంటాయి, చేత్తో వేయాలి. అవి లేనిదే రీసెర్చ్ గ్రేడ్ రాదు. కుండీలో మందారం, జూలో పులి పెడితే పెంపకం అని టిక్కు పెట్టండి. లైసెన్సు విషయంలో మొదట ఉండేది వాణిజ్యేతర వాడకానికి అనుమతించే రకం. దాన్ని ‘అన్ని హక్కులూ నావే’ అని మార్చారంటే ఆ పరిశీలన జీబీఐఎఫ్‌కి పోదు.

పాముల దగ్గర మాత్రం నా మెప్పు పూర్తిగా వెనక్కి తీసుకుంటాను. కట్లపాముకి తెల్ల పట్టీలు తోకవైపు స్పష్టంగా ఉండి మెడవైపు మసకబారతాయి. విషం లేని వుల్ఫ్ స్నేక్‌కి దాదాపు దీనికి తిరగేసి, ముందువైపు స్పష్టంగా, తోకవైపు పలచగా. మసక వెలుతురులో దూరం నుంచి తీసిన ఫొటోకి ఈ తేడా దొరకదు. ఇంట్లోకి పాము వస్తే ఫోన్ తీయాల్సింది ఫొటోకి కాదు, పాములు పట్టేవాళ్లకి కాల్ చేయడానికి.

అరుదైన జాతులకి చోటు దాచే పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గదే. దాదాపు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క పెట్టి చూపిస్తుంది. నంద్యాల-గిద్దలూరు అడవుల నీలి టరాంటులా అనే పెద్ద సాలీడుని పెంపుడు జంతువుగా అమ్ముకునేవాళ్లున్న రోజుల్లో ఇది కావాల్సిందే. అయితే అదే రోజు, అదే చోట తీసిన మామూలు తూనీగ ఫొటోని కచ్చితమైన చోటుతో పెట్టి గుట్టు రట్టు చేసుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటి రోజున తూనీగ చోటుని కూడా మీరే దాచండి.

నేను చూసేవి ఎక్కువగా సీతాకోకచిలుకలు, సాలీళ్లు. వాటి వరకు ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు. పిట్టల లెక్కలు రాసేవాళ్లకి ఈబర్డ్ మేలు కావచ్చు. పిల్లలకి ఖాతా లేకుండా నడిచే సీక్ అనే దీని తోబుట్టువు యాప్ చాలు. సాలీళ్లలో సగానికి పైగా నావి ఇప్పటికీ ప్రజాతి దగ్గరే ఆగి ఉన్నాయి, వాటిని అలాగే వదిలేశాను.