చెన్నై చెమటలో చెస్ట్ స్ట్రాప్: కొన్నేళ్లు వాడాక

ముందే తేల్చి చెప్పేస్తాను. రోజూ సాయంత్రం పార్కులో కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లకి గుండె వేగం కొలిచే చెస్ట్ స్ట్రాప్ అక్కర్లేదు, చేతికున్న వాచీ చాలు. చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లో పరిగెత్తేవాళ్లకి, జిమ్‌లో గట్టిగా కష్టపడేవాళ్లకి మాత్రం, నన్నడిగితే, షూ తర్వాత డబ్బు పెట్టాల్సింది దీని మీదే. నా దగ్గరున్నది ఏ కంపెనీదో రాయడం లేదు. మంచివి నాలుగైదు ఉన్నాయి, వాటి సుగుణాలూ తలనొప్పులూ దాదాపు ఒకటే.

నేనుండేది వేలచ్చేరిలో. మామూలు రోజుల్లో ఇంటి చుట్టుపక్కల రోడ్ల మీద పరుగు, మధ్యలో జిమ్, ఆదివారం బెసంట్ నగర్ బీచ్ రోడ్డు. హైదరాబాదు నుంచి ఇక్కడికి మారిన కొత్తలో నాకు అర్థం కానిది ఒకటే: అక్కడ హాయిగా మాట్లాడుకుంటూ పరిగెత్తిన వేగానికే ఇక్కడ ఊపిరి అందేది కాదు. కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని కాగితం మీద రాసుకున్న ప్లాన్ అంతా మే నెల వచ్చేసరికి చెత్తబుట్టలోకి పోయింది.

కారణం తెలిశాక స్ట్రాప్ కొన్నాను. ఒళ్లు వేడెక్కితే చల్లబరచడానికి శరీరం రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. చెమట రూపంలో నీళ్లు పోయినకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. ఒక్కో దెబ్బకు గుండె పంపగలిగే రక్తం తగ్గిపోతుంది కాబట్టి, అదే పని చేయడానికి అది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. కోచ్‌లు దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. పైగా ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. ఇక్కడ అది ఆరదు, కారుతుంది. పొద్దున్నే ఐదింటికి లేచి పరిగెడితే హాయిగా ఉంటుందనుకుంటాం. ఎండ ఉండదు, నిజమే. కానీ గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వేళకే.

అందుకని వేసవిలో నేను వేగం చూడను. తేలిక పరుగు రోజున గుండె వేగం నిమిషానికి 145 దాటకూడదని పెట్టుకున్నాను. దాటితే నడుస్తాను, దిగాక మళ్లీ పరుగు. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే మే ఎండల్లో ఈ లెక్కన పరుగు కన్నా నడకే ఎక్కువవుతుంది, కాస్త చిన్నతనంగా కూడా ఉంటుంది. మన వయసువాళ్లు బుర్రుమని దాటిపోతుంటారు. అయినా పర్లేదు. నవంబరు వానలు పడి గాలి చల్లబడగానే, అదే 145 దగ్గర నా వేగం దానంతటదే పెరుగుతుంది. ఆ సంగతి నాకు చూపించింది స్ట్రాపే. లేకపోతే ప్రతి వేసవిలోనూ "నా ఫిట్‌నెస్ పోయింది" అని ఏడుస్తూ కూర్చునేదాన్ని.

వాచీ ఉండగా ఇది దేనికని మా ఆయన ఇప్పటికీ అంటుంటారు. ఆయన వాచీ నా స్ట్రాప్‌కి మూడింతల ధర. వాచీ వెనక పచ్చలైటు వెలుగుతుంది చూడండి, అది చర్మం కింద రక్తం పొంగి తగ్గడాన్ని వెలుతురుతో పసిగడుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు, ఒకే వేగంతో సాఫీగా పరిగెత్తుతున్నప్పుడు అది చెప్పేదీ స్ట్రాప్ చెప్పేదీ రెండు మూడు అంకెల తేడాలో ఉంటాయి. అందులో పేచీ లేదు. ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా పరిగెత్తే రోజున మాత్రం వాచీ వెనకబడుతుంది. గట్టి నిమిషం అయిపోవస్తుంటే అప్పుడు పైకెక్కడం మొదలుపెడుతుంది, మనం ఆగి రొప్పుతున్నప్పుడు శిఖరం చూపిస్తుంది. జిమ్‌లో ఇంకా అన్యాయం. డంబెల్ గట్టిగా పట్టుకున్నా, పుష్-అప్‌లో మణికట్టు వంచినా వాచీ ఒంటికి సరిగ్గా ఆనదు. కెటిల్‌బెల్ ఊపుతున్నప్పుడు స్ట్రాప్ 150 అంటుంటే వాచీ తాపీగా 95 అంటుంది.

ఇంకో రకం పొరపాటుంది, అది మనుషుల్ని భయపెడుతుంది. పరిగెత్తేటప్పుడు నిమిషానికి 160, 170 అడుగులు పడతాయి. వాచీ వదులుగా ఉంటే ఆ చేతి ఊపునే గుండె దెబ్బలనుకుని లెక్కపెట్టేస్తుంది. మా ఆడపడుచు కొత్తగా పరుగు మొదలుపెట్టినప్పుడు బీచ్ రోడ్డు మీదనుంచే ఫోన్ చేసింది.

"వదినా, నా గుండె 168 కొడుతోంది. మెల్లగానే వస్తున్నాను. నాకేదో అవుతోంది, ఆటో ఎక్కి హాస్పిటల్‌కి వెళ్లిపోనా?"

"ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఏమైనా ఉందా?"

"అలాంటిదేం లేదు, టెన్షన్‌గా ఉందంతే."

"ఇంత గడగడా మాట్లాడుతున్నావంటే 168 ఉండదు. ఆగు, మెడ పక్కన వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టు, నాలుగుతో హెచ్చవేయి."

31 వచ్చింది. అంటే 124. ఆ తర్వాత వాచీని మణికట్టు ఎముకకు కాస్త పైకి జరిపి బిగించుకుంటోంది, చాలావరకు సర్దుకుంది. స్ట్రాప్ కొనమని తనకి చెప్పలేదు. వాచీని సరిగ్గా పెట్టుకుంటే తీరే ఇబ్బందికి ఇంకో వస్తువు ఎందుకు?

స్ట్రాప్ పనిచేసే పద్ధతే వేరు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పుట్టే చిన్న విద్యుత్ సంకేతాన్ని ఛాతీ మీద ఆనే రెండు రబ్బరు పట్టీలు అందుకుంటాయి, మధ్యలో బొత్తాలతో తగిలించిన పాడ్ దాన్ని లెక్కపెట్టి ఫోనుకో వాచీకో పంపుతుంది. సూత్రం ఈసీజీదే కానీ ఇది వైద్య పరికరం కాదు. గుండెపోటును పట్టుకుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా పెట్టుకోవద్దు.

దీని పుట్టిల్లు ఫిన్లాండ్. 1977లో అక్కడి కెంపెలె అనే ఊళ్లో మొదలైన పోలార్ కంపెనీ, మంచు మీద స్కీయింగ్ చేసే క్రీడాకారులను దృష్టిలో పెట్టుకుని, 1982లో వైరు లేని హార్ట్ రేట్ మీటరును మార్కెట్లోకి తెచ్చింది. చలిదేశంలో చెమట ఆలస్యంగా పడుతుంది, ఆ రబ్బరు పొడిగా ఉంటే సంకేతం అందదు. అందుకే పెట్టుకునే ముందు తడపమంటారు. చెన్నైలో ఆ బాధ తక్కువే, లిఫ్టు దిగేలోపు అదే తడిసిపోతుంది. అయినా నేను కుళాయి కింద ఒకసారి పెట్టి తీస్తాను. డిసెంబరులో హైదరాబాదు వెళ్లినప్పుడు తేడా బాగా తెలిసింది. పొడిగాలిలో సింథటిక్ టీషర్టు ఒరుసుకుని, మొదటి ఐదు నిమిషాలూ అంకెలు పిచ్చిగా గెంతాయి, ఒళ్లు తడిశాక దారికొచ్చాయి.

ఆడవాళ్లకి పనికొచ్చే సంగతి, రివ్యూల్లో మగవాళ్లు రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. స్ట్రాప్ రావాల్సిన చోటూ స్పోర్ట్స్ బ్రా కింది ఎలాస్టిక్ ఉండే చోటూ ఒకటే. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఊపిరి బిగదీసినట్టుంటుంది, గంట దాటితే చర్మం ఒరిసిపోతుంది. స్ట్రాప్‌ను ఎలాస్టిక్ కిందికి దోపి, బిగువు ఒక మెట్టు వదులు చేస్తే నాకు కుదిరింది. అంచుల వెంబడి వాజ్‌లైన్ రాస్తాను, రబ్బరు ఆనే చోట మాత్రం రాయకూడదు. తలంటి పోసుకుని వంటికి నూనె పట్టించిన రోజున అందుకే అంకెలు సరిగ్గా రావు. ఎండాకాలంలో చెమటకాయలు లేస్తే వారం పది రోజులు దాన్ని పక్కన పెట్టేయడమే, వేరే మార్గం లేదు. నేరుగా బ్రాకే తగిలించుకునే రకాన్ని గార్మిన్ 2023లో తెచ్చింది, హెచ్ఆర్ఎమ్-ఫిట్ అని. నేను వాడలేదు. ఆలోచన మాత్రం ఎవరో ఆడమనిషికే వచ్చుంటుంది.

ఇక మన్నిక. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే, ఎందుకంటే కొన్న వారానికే రాసే రివ్యూల్లో ఇది కనపడదు. పాడ్‌కి ఏమీ కాదు, పోయేది గుడ్డ పట్టీ. చెమటలోని ఉప్పు రబ్బరులోకీ బొత్తాల చుట్టూరా చేరి మెల్లగా తినేస్తుంది. నా మొదటి పట్టీ ఏడాది బాగానే చేసింది. తర్వాత సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడి ఉంటే 210 చూపించడం, ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి 80కి పడిపోవడం మొదలైంది. కంపెనీ కస్టమర్ కేర్‌కి రాస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు, బ్యాటరీ మార్చమన్నారు, ఇంకో యాప్ ప్రయత్నించమన్నారు. పట్టీ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. జిమ్‌లో స్నేహితురాలి పట్టీకి నా పాడ్ తగిలించి చూస్తే చక్కగా పనిచేసింది. కొత్త పట్టీ ఒక్కటే కొన్నాను, సమస్య తీరిపోయింది. చాలా కంపెనీల పట్టీల్లో బొత్తాల మధ్య దూరం ఒకటే ఉంటుంది, అన్నింటిలోనూ కాదు. స్కేలు పెట్టి కొలుచుకుని కొనండి.

రెండో పట్టీ ఎక్కువ కాలం వచ్చింది, చాకిరీ వల్లే. ఇంటికి రాగానే పాడ్ ఊడదీసి పట్టీని మంచినీళ్లలో జాడించి నీడన ఆరేస్తాను. వారానికోసారి కాస్త షాంపూ. పిండకూడదు, ఇస్త్రీ పెట్టె జోలికి పోకూడదు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు. ఒకరోజు బద్ధకించి బ్యాగులోనే వదిలేస్తే మర్నాడు వచ్చే వాసన, ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెట్టి వారం మరిచిపోయినట్టుంటుంది.

పాడ్ ఊడదీయడం శుభ్రత కోసమే కాదు. బొత్తాల మధ్య తడి ఉన్నంతసేపూ మనిషి ఒంటి మీదే ఉన్నాననుకుని అది మేలుకునే ఉంటుంది, బ్యాటరీ తినేస్తుంది. లోపలుండేది నాణెం బ్యాటరీ. కొన్నింట్లో సీఆర్2032, కొన్నింట్లో సీఆర్2025. రెండింటి వ్యాసం 20 మిల్లీమీటర్లే, మందం మాత్రం ఒకటి 3.2, ఇంకొకటి 2.5. ఒకదానికి బదులు ఇంకోటి సరిపోదు. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్ దాకా వెళ్లక్కర్లేదు, వాచీలు బాగుచేసే ఏ కొట్లోనైనా దొరుకుతాయి. మార్చేటప్పుడు మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి, లేకపోతే చెమట లోపలికి దిగుతుంది. పాత బ్యాటరీని పసిపిల్లలకు అందేచోట పడేయకండి, మింగితే ప్రాణాల మీదికి వస్తుంది.

అంకెలు వచ్చాయి సరే, ఎంత ఉండాలి? చాలా యాప్‌లు 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం ఇంత అంటాయి. 1970ల నాటి ఆ లెక్క మోటు లెక్క. 2001లో తనకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం వయసును 0.7తో హెచ్చవేసి 208లోంచి తీసేయాలి. నలభైల్లో రెండింటికీ పెద్ద తేడా రాదు. అరవై ఏళ్లవాళ్లకి మొదటిది 160 చెప్తే రెండోది 166 చెప్తుంది. ఏ సూత్రమైనా అందరినీ కలిపి వేసిన సగటే. ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. మా మావయ్యగారు బీపీకి బీటా బ్లాకర్ వేసుకుంటారు. ఆ మాత్ర గుండె వేగాన్నే తగ్గిస్తుంది కాబట్టి ఆయనకు ఏ సూత్రమూ పనికిరాదు. డాక్టరుగారు చెప్పినట్టు, ఆయాసపడకుండా మాట్లాడగలిగినంత వేగంతో నడుస్తారు. కాలరీల అంకెను నేనైతే చూడను. బరువులెత్తేటప్పుడు గుండె పెరిగినంతగా ఆక్సిజన్ ఖర్చు పెరగదు, యాప్‌కు ఆ తేడా తెలియదు, ఉదారంగా రాసేస్తుంది. దాన్ని నమ్మి ఇంకో దోసె వేసుకుంటే అది మన పూచీ.

కొనేటప్పుడు బ్లూటూత్, యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) రెండూ ఉన్నాయో లేదో చూడండి. బ్లూటూత్‌లో ఒకేసారి రెంటికి కలిసే రకమైతే మేలు. పోలార్ హెచ్10 అలాంటిది. ఒక్కదానికే కలిసే రకంలో, ఫోన్లో వెనకాల ఏదో యాప్ పట్టుకుని కూర్చుంటే వాచీకి "స్ట్రాప్ కనపడటం లేదు" అని వస్తుంది, చెడిపోయిందనుకుని తిరిగి పంపేస్తారు. ఛాతీకి ఏదీ కట్టుకోలేమనేవాళ్లకి ముంజేతికో దండచేతికో పెట్టుకునే ఆర్మ్‌బ్యాండ్‌లున్నాయి, పోలార్ వెరిటీ సెన్స్ లాంటివి. అదీ లైటుతోనే చూస్తుంది కానీ అక్కడ మణికట్టులా వంపులు తిరగదు కాబట్టి వాచీ కన్నా నయం. ఈత కొట్టేవాళ్లు కూడా అటే మొగ్గితే మంచిది. గోడను తన్ని దూకినప్పుడు ఛాతీ పట్టీ జారిపోతుంది.

ధరలు రెండు మూడు వేల నుంచి పది వేల దాకా ఉన్నాయి. చవకవాటిలో అంకెలు ఫర్వాలేదు, విడిగా పట్టీ దొరకడమే కష్టం. నేనైతే ముందు ఆ కంపెనీ పట్టీని విడిగా అమ్ముతుందా, ఎంతకి అమ్ముతుందా అని చూస్తాను. అది పాడ్ ధరలో సగం దాటితే దాని జోలికి వెళ్లను.