పాత బరోలో కోసం లాంగే కొండలకు: బసలు, సెల్లార్లు, భోజనశాలలు

పాతికేళ్ళు దాటిన బరోలో అనే ఎర్ర వైన్‌ను లండన్‌లోనో సింగపూర్‌లోనో కొనుక్కోవచ్చు, డబ్బుంటే చాలు. అయినా దాని కోసం ఇటలీ వాయవ్య మూలన, పియెమోంతెలోని లాంగే కొండల దాకా వెళ్ళాలని నేను గట్టిగా చెప్తాను. అక్కడి సీసా పుట్టిన చోటి నుంచి కదలలేదు, నా కారణమల్లా అదే. పాత వైన్ విషయంలో ఎన్నేళ్ళదన్నది రెండో ప్రశ్న, ఆ ఏళ్ళన్నీ ఎక్కడ గడిపిందన్నది మొదటిది. ఓడలో, గోదాములో, ఎవరింటి అలమరలోనో వేసవులు భరించిన మంచి సంవత్సరపు సీసా కన్నా, పుట్టిన నేలమాళిగలోనే చల్లగా పడుకున్న మామూలు సంవత్సరపు సీసా నాకెక్కువ. నవంబరులో మేం చేసిన ఈ ప్రయాణంలో ప్రతి చోటునూ నేను ఆ కొలతతోనే చూశాను.

టురిన్ నుంచి బ్రా మీదుగా ఆల్బాకు రైలుంది. చవక, హాయి. చిక్కంతా ఆల్బా దిగాక మొదలవుతుంది. ద్రాక్ష ఊళ్ళన్నీ కొండల నెత్తిన ఉంటాయి, బస్సులు తక్కువ, సాయంత్రమైతే ఇంకా తక్కువ. కారు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు. బరోలో చట్టప్రకారమే కనీసం 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్, ఇప్పుడొచ్చేవి చాలావరకు 14 దాటుతున్నాయి. రెండు సెల్లార్లు చూసి స్టీరింగ్ పట్టుకోవడం మంచిది కాదు. మాకు అదృష్టం ఏంటంటే, టురిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదికి మందు అలవాటు లేదు. "నేను నడుపుతాలే బావా, నువ్వు నిదానంగా రుచి చూసుకో" అన్నాడు. అలాంటి మనిషి తోడు లేనివాళ్ళు ఒక పూటకైనా డ్రైవర్‌ను మాట్లాడుకోవాలి. హోటల్ గదిలో కాస్త తగ్గించుకుని అయినా ఆ ఖర్చు పెట్టాలి.

బస రెండు చోట్ల చేశాం. మొదట ఆల్బాలో. చక్కటి ఊరు. పాత ఇటుక గోపురాలు, నడవడానికి వీలైన వీధులు, రాత్రి తిని నడిచి వచ్చేయొచ్చు. చాక్లెట్లు చేసే ఫెరేరో ఫ్యాక్టరీ ఇక్కడే ఉంది కాబట్టి గాలి వాలు బాగుంటే వేయించిన హేజల్‌నట్ వాసన ఊరంతా తేలుతుంది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా తెల్ల ట్రఫుల్ (నేల కింద పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత. శని, ఆదివారాల్లో గదుల అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మేం దిగిన హోటల్లో గది చిన్నది, అద్దె పెద్దది, పొద్దున కాఫీ కోసం కూడా వరుసలో నిలబడాల్సి వచ్చింది. తర్వాత లా మోర్రా అనే కొండ ఊరి కింద, తోటల మధ్య ఉన్న ఒక రైతు కుటుంబపు అగ్రితురిస్మోకు, అంటే అతిథులకు గదులిచ్చే పొలం ఇంటికి మారాం. అద్దె తక్కువ, గది రెట్టింపు. పొద్దున్నే కిటికీ తీస్తే లోయంతా మంచు నిండి, పైన కొండ ఊళ్ళ గోపురాలు మాత్రమే కనిపించేవి. ఎర్రబడ్డ ఆకులతో వరసలు వరసలుగా తోటలు. ఈ ద్రాక్షతోటల సీమను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వైన్ కోసం వెళ్ళేవాళ్ళకు నా ఓటు అగ్రితురిస్మోకే. ఆ ఇంటాయన రాత్రి భోజనం తర్వాత చెప్పిన సంగతులు టికెట్టు కొని వెళ్ళిన టూర్లలో ఏ గైడూ చెప్పలేదు.

బరోలో అన్న పేరు పెట్టుకోవడానికి 11 గ్రామాలకే హక్కుంది, వాడాల్సింది నెబ్బియోలో ద్రాక్ష ఒక్కటే. పడమట ఉన్న లా మోర్రా, బరోలో గ్రామాల వైన్‌లో పరిమళం ముందుంటుంది. తూర్పున సెర్రలుంగ, దక్షిణాన మోన్‌ఫోర్తె వైపు నేల పాతది, గట్టిది. అక్కడి వైన్ కుర్రతనంలో మొండిగా ఉండి ఆలస్యంగా దారికొస్తుంది. పాత సీసా కోసం వెళ్ళేవాళ్ళు సెర్రలుంగకు ఒక పూట తప్పక కేటాయించాలి.

ముందు కొత్తది తాగాలి. ఇది అందరికీ చెప్పే మాట. కొత్తది ఎంత కరుగ్గా ఉంటుందో నాలుకకు తెలియకపోతే, పాతది ఏం సాధించిందో అర్థం కాదు. దానికి బరోలో కోటలోని ప్రాంతీయ ఎనోతెక, అంటే ఆ ప్రాంతపు వైన్‌లను రుచి చూపించి అమ్మే చోటు, మంచిది. వేరువేరు గ్రామాల వైన్‌ను చిన్న గ్లాసుల్లో కొని పోల్చుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. అదే కోటలో 2010లో తెరిచిన వైన్ మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు బాగుంటుంది, రుచి కోసం వెళ్ళేవాళ్ళు దాటేసినా నష్టం లేదు.

సెల్లార్లలో పెద్దవీ చిన్నవీ చూశాం. సెర్రలుంగలోని ఫొంతనఫ్రెద్ద ఒకప్పుడు రాజు రెండో విత్తోరియో ఎమాన్యుయెలె ఎస్టేటు. విశాలం, అంతా పద్ధతిగా జరుగుతుంది, ఇంగ్లిష్‌లో టూర్లున్నాయి. మొదటిసారి వచ్చేవాళ్ళకు అదే తేలిక. బరోలో ఊరి నడుమ 1761 నాటి బోర్గోన్యో మరో రకం. రిజర్వా (మామూలు కన్నా ఎక్కువకాలం నిల్వ ఉంచి అమ్మే రకం) సీసాలను దశాబ్దాల పాటు సొంత నేలమాళిగలో దాచి, వెనకటి సంవత్సరాలవి మెల్లగా అమ్మడం ఆ ఇంటి ఆనవాయితీ. నేను వెతుక్కుంటూ వెళ్ళిన గుణం అదే. ఇక కుటుంబాలు నడిపే చిన్న సెల్లార్లకు వారాల ముందే మెయిల్ పెట్టుకోవాలి. ఆదివారం చాలామంది తలుపు తీయరు. తీసిన చోట మాత్రం తయారుచేసినవాళ్ళే మన గ్లాసులో పోస్తారు.

అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఆ సంవత్సరం మీరు ఏ పీపా వాడారు?" కోత జరిగిన ఏడు నవంబరు 1 నుంచి 38 నెలలు గడిస్తే గానీ బరోలో బయటికి రాకూడదు, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. రిజర్వాకైతే మొత్తం 62 నెలలు. చెక్క ఎంత పెద్దదన్నది మాత్రం ఇంటిని బట్టి మారుతుంది. పాతకాలపు వాళ్ళవి వేల లీటర్లు పట్టే స్లవోనియా ఓక్ పీపాలు, వాటి చెక్క వాసన వైన్‌కు దాదాపు అంటదు. 1980ల నుంచి కొందరు 225 లీటర్ల చిన్న ఫ్రెంచి పీపాలకు, అంటే బరీక్‌లకు మారారు. 1983లో లా మోర్రాకు చెందిన వైన్ తయారీదారు ఎలియో ఆల్తారె తన తండ్రి పీపాలను చైన్ రంపంతో కోసేశాడు, తండ్రి అతనికి ఆస్తి లేకుండా చేశాడు. ఇళ్ళు రెండుగా చీలిన రోజులవి. ఇప్పుడా వేడి చల్లారింది గానీ, 1990ల సీసా తెరిచినప్పుడు ఆ తేడా ఇప్పటికీ ముక్కుకు తెలుస్తుంది. నాకు పెద్ద పీపావే ఇష్టం. ముప్పై ఏళ్ళ తర్వాత గ్లాసులో ద్రాక్ష, నేల మిగలాలి గానీ చెక్క నుంచి వచ్చే వెనిల్లా కాదు.

మొత్తం ప్రయాణానికి తలమానికం సెర్రలుంగలో ఒక చిన్న భోజనశాలలో గడిపిన మధ్యాహ్నం. వైన్ జాబితా ముందే మెయిల్‌లో తెప్పించుకున్నాను. అదే ఊరి 1996 సీసా ఒకటి ఎంచుకుని, రెండు రోజుల ముందు నుంచే నిలువుగా పెట్టి ఉంచమని రాశాను. పడుకోబెట్టిన సీసాలో మడ్డి పక్కగా పేరుకుని ఉంటుంది, నిలబెడితే మెల్లగా అడుగుకు దిగుతుంది. "అప్పుడే నిలబెట్టేశాం, పొద్దునే బిరడా తీస్తాం" అని జవాబొచ్చింది. ఆ ఒక్క వాక్యంతోనే ఆ చోటి మీద నాకు గౌరవం కలిగింది.

1996 లాంగేలో మొండి సంవత్సరం. పులుపు, వగరు రెండూ ఎక్కువ. చాలాకాలం ఎవరికీ లొంగలేదు. మరుసటి ఏడు 1997 వేడిది, మొదటి రోజు నుంచే మెత్తగా పలకరించింది. అందుకే అప్పట్లో దానికి పేరెక్కువ, ఇప్పుడు సత్తా ఉన్నది 1996కే. 2002లో వాన, వడగళ్ళు తోటలను దెబ్బతీశాయి, ఆ సీసాలు మంచి ఇంటివైతేనే చూడాలి. 2001, 2004, 2010, 2016 నిశ్చింతగా నమ్మదగ్గవి.

వడ్డించిన ఆవిడ ముందు సీసాలో మట్టం చూపించారు. మెడ అడుగు దాకా వైన్ ఉంది. ఇన్నేళ్ళకు అంత తగ్గడం మామూలే, భుజం కిందికి జారి ఉంటే గాలి చొరబడిందని అనుమానించాలి. పాత బిరడాలు మెత్తబడి పొడైపోతాయి కాబట్టి మర తిప్పే ఓపెనర్ కాకుండా, రెండు సన్నటి రేకుల పరికరాన్ని పక్కల నుంచి దించి పొద్దునే తీశారట. మా ముందు చేసింది తేర్చడం. సీసా మెడ వెనక దీపం పెట్టుకుని, చెయ్యి వణక్కుండా ఒకే ధారగా జాడీలోకి వంచుతూ, మడ్డి చార మెడ దాకా రాగానే ఆపేశారు. అడుగున రెండు వేళ్ళంత వదిలేశారు. అది తాగితే మట్టి, చేదు.

పక్కనే అదే గ్రామపు 2016ది ఒక గ్లాసు అడిగాను. కెంపు రంగు, గులాబీ, చెర్రీ. నోట్లో వేసుకోగానే నేరేడు పండు తిన్నట్టు నాలుక చిగుళ్ళకు అతుక్కుపోయే వగరు. అద్భుతమైన వైనే, కానీ ఇంకా మాట్లాడటం మొదలుపెట్టలేదు.

తర్వాత 1996. అంచున ఇటుక రంగు, నడుమ పలచటి దానిమ్మ ఎరుపు, గ్లాసు వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగేంత తేట. ఇది లోపం కాదు. నెబ్బియోలోకు రంగు మొదటి నుంచీ తక్కువే, అది తొందరగా వెలుస్తుంది కూడా. మొదటి పావుగంట పుట్టగొడుగులు, తడి ఆకుల వాసన తప్ప ఏమీ లేదు. తొందరపడి మార్కులు వేసేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. అరగంటకు ఎండిన గులాబీ రేకులు వచ్చాయి, వాటి వెనక కాస్త తారు, నారింజ తొక్క, పొగాకు, అతిమధురం. గంట దాటాక తోలు, ట్రఫుల్. వగరు పోలేదు, గరుకుతనం మాత్రం పోయింది. పులుపు నిటారుగా నిలబడి ఉంది. మింగాక వాసన ఎంతసేపు నిలిచిందంటే, మాటలు ఆపేసి ఇద్దరం అలాగే కూర్చున్నాం.

లోపల జరిగిందేమిటంటే, వగరునిచ్చే టానిన్లు, రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఏళ్ళ తరబడి ఒకదానికొకటి ముడిపడి, పెరిగి బరువెక్కి, కొంతభాగం మడ్డిగా దిగిపోతుంది. బిరడా గుండా చొరబడే అతి కొద్ది ఆక్సిజన్ ఆ పనిని నడిపిస్తుంది. పండు వాసనలు తగ్గుతూ, ఎండుపూలు, ఆకు, నేల వాసనలు పైకొస్తాయి. పులుపు మాత్రం పెద్దగా మారదు. అందుకే మొదట్లో పులుపు, టానిన్ రెండూ దండిగా ఉన్న వైనే దూరం పోగలదు. వేడి తగిలితే ఇవే మార్పులు ఆదరాబాదరాగా, అడ్డదిడ్డంగా జరిగి, ఉడికిన పండు రుచి వస్తుంది. రెండో గంట చివర్లో 1996లో కొద్దిగా అలసట కనిపించింది. ఇంత వయసున్న వైన్‌ను గ్లాసులో కొంచెం కొంచెంగా పోయించుకోవాలి, పొద్దుపోయేదాకా మిగల్చకూడదు.

దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది మరో ఊళ్ళో, పేరు చెప్పను, ఎంతో పేరున్న భోజనశాలలో. లా మోర్రా 2004ను అలంకరణ కోసం తెచ్చిన వెడల్పాటి జాడీలోకి గలగలా కుమ్మరించి, పొయ్యి పక్క బల్ల మీద పెట్టారు. ఆ పరిమళమంతా అరగంటలో ఎగిరిపోయింది. 16 నుంచి 18 డిగ్రీల దగ్గర తాగాల్సిన వైన్ గోరువెచ్చగా గ్లాసులోకి వచ్చింది. బిల్లు మాత్రం సెర్రలుంగ కన్నా ఎక్కువ. సీసా ధర కన్నా దాన్ని పట్టుకునే చెయ్యి ముఖ్యం. బుక్ చేసే ముందు "సీసా నిలబెట్టి ఉంచుతారా?" అని అడగండి, వచ్చే జవాబును బట్టి డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

తిండి గురించి. మా ఆవిడ మాంసం తినదు, గుడ్డు తింటుంది. పచ్చసొనలు దండిగా పోసి చేసే సన్నటి తయరిన్ పాస్తా, వెన్న, సేజ్ ఆకుతో అడిగితే అంతటా దొరికింది. కస్తెల్‌మాన్యో చీజ్ వేసిన న్యోక్కి (బంగాళదుంప ముద్దలు) అయితే పాత బరోలో పక్కన అమోఘం. ఆన్యొలొత్తి దెల్ ప్లిన్ అనే చిన్న పాస్తా పొట్లాల్లో మామూలుగా మాంసం ఉంటుంది, బాన్యా కవుద అనే వేడి సాస్‌లో ఆంచొవీ చేప ఉంటుంది. కూరగాయలతో తినేదే కదా అని మోసపోవద్దు. బిల్లులో కొపెర్తో అని తలకింత వేస్తారు, అది అక్కడ మామూలు.

ఖర్చు చూసుకునేవాళ్ళు ఒక పూట బార్బరెస్కోకు వెళ్ళండి. అదీ నెబ్బియోలోనే, చట్టం అడిగే నిల్వ 26 నెలలు. ఒక పూజారి 19 మంది రైతులను కూడగట్టి 1958లో పెట్టిన సహకార సంఘం ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో అక్కడుంది. మంచి సంవత్సరాల్లో తొమ్మిది తోటల వైన్‌ను విడివిడిగా సీసాల్లో నింపుతారు. ఆ నాణ్యతకు ఆ ధర నాకింకెక్కడా కనబడలేదు. ఊరి గోపురం ఎక్కితే కింద తనారో నది.

ఇంటికి తెచ్చుకునే సంగతి. మన కస్టమ్స్ సుంకం లేకుండా 2 లీటర్లు వదులుతుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. అవి పాతవి కాకూడదని నా అభిప్రాయం. మడ్డి కదిలిపోయిన ముసలి సీసాను విమానంలో తిప్పి, హైదరాబాద్ మే నెలకు అప్పజెప్పడం అన్యాయం. పాతది అక్కడే తాగండి. తెచ్చేది కొత్తది తెచ్చి, 12 నుంచి 14 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే వైన్ కూలర్ ఉంటేనే, పడుకోబెట్టి దాచండి. మామూలు ఫ్రిజ్ ఏళ్ళ నిల్వకు పనికిరాదు. లోపలి పొడి గాలికి బిరడా ఎండిపోతుంది. కూలర్ లేకపోతే ఏడాది లోపే తెరిచి, కొన్ని గంటల ముందు జాడీలో పోసి తాగేయండి. పాత సీసాకు పనికిరాని గాలి, కొత్తదానికి మేలే చేస్తుంది.

ట్రఫుల్ మీద ఆశ లేనివాళ్ళు నవంబరు వదిలేసి మార్చి చివర్లో వెళ్ళొచ్చు. జనవరి, ఫిబ్రవరుల్లో చాలా భోజనశాలలు మూసి ఉంటాయి. మార్చికి తెరుస్తారు, జనం ఇంకా రారు, సెల్లార్లలో వాళ్ళకు మనతో కూర్చునే తీరిక ఉంటుంది. మేం ఈసారి ఆల్బా మానేసి, నేరుగా సెర్రలుంగ వైపే గది చూసుకుంటున్నాం.