ఒహాయోలో మూడు అక్టోబర్‌ఫెస్టులు, ఒక పాత కాలువ

సిద్దిపేట నుంచి వచ్చిన మా బాపుకి అమెరికాలో మేముండే కొలంబస్‌లో గుళ్లు, మాల్స్ చూపించడం నెలలోనే అయిపోయింది. "ఈడి వాళ్ల జాతర ఏదన్న ఉంటే చూపియ్‌రా" అన్నాడు. అప్పటికి సెప్టెంబరు వచ్చేసింది. ఒహాయోలో చెట్ల ఆకులు రంగు తిరిగే ఈ రోజుల్లో ఊరూరా అక్టోబర్‌ఫెస్టులే, అంటే జర్మన్ బీరు పండగలే. నెల రోజుల్లో మూడు చూశాం.

పేరులో అక్టోబర్ ఉన్నా ఈ పండగ చాలాచోట్ల సెప్టెంబరులోనే చేస్తారు. 1810 అక్టోబరు 12న జర్మనీలోని మ్యూనిక్‌లో యువరాజు లుడ్విగ్ పెళ్లయింది. ఆ సంబరాలే ఏటేటా సాగాయి. అక్టోబరు చలికి తట్టుకోలేక తర్వాత ముందుకు జరుపుకున్నారు.

మొదటిది మా కొలంబస్‌దే. స్టేట్ ఫెయిర్ మైదానంలో పెడతారు. కారు పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు, పిల్లలు తిరగడానికి బోలెడంత చోటు. కానీ నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లొచ్చినట్టు అనిపించింది తప్ప ఊరి పండగలా లేదు. సమయం తక్కువుంటే దాన్ని వదిలేసి జర్మన్ విలేజ్ అనే పాత పేటలో ఇటుక రోడ్ల మీద ఒక సాయంత్రం నడవండి. ష్మిట్స్ రెస్టారెంట్‌లో క్రీమ్ పఫ్ తినండి. ఒక్కటి ఇద్దరికి సరిపోతుంది.

రెండోది సిన్సినాటి నగరంలో. దాని సంగతి వేరు. 1976 నుంచి జరుగుతున్న ఈ పండగని 'జిన్జినాటి' అని ముద్దుగా పిలుచుకుంటారు. ఇప్పుడు ఒహాయో నది ఒడ్డున పెడుతున్నారు, ప్రవేశం ఉచితం. బన్ను ఆకారం తొడుగులు వేసుకున్న పొట్టికాళ్ల డాక్స్‌హుండ్ కుక్కల పరుగు పందెం చూడ్డానికి మా పాప నా భుజాల మీంచి దిగలేదు. బీరు కొనాలంటే వయసు రుజువు చూపించాలి, జుట్టంతా నెరిసిన మా బాపునీ అడిగారు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే పాస్‌పోర్టు మర్చిపోవద్దు.

శనివారం మా ఆవిడ మాంసం ముట్టదు. అయినా పస్తు ఉండాల్సిన పని లేదు. ప్రెట్జెల్, చక్కెర పట్టించి వేయించిన బాదం ఉంటాయి. అన్నిటికంటే మంచిది ఆలూ అట్టు. తురిమిన బంగాళాదుంప, ఉల్లిపాయ కలిపి కాలుస్తారు. అంచులు అప్పడంలా కరకరలాడతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. పైన ఆపిల్ గుజ్జు వేసిస్తారు. ఏ నూనెలో వేయించారో మాత్రం అడగండి, కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారు. పులిసిన క్యాబేజీలో కూడా మాంసం ముక్కలు పడొచ్చు. అక్కడివాళ్లు ప్రాణం పెట్టే 'గెట్టా' పంది, గొడ్డు మాంసాలు ఓట్స్‌తో కలిపి చేసేది, దాని జోలికి మేం పోలేదు.

బాపు మార్జెన్ బీరు తీసుకున్నాడు, రాగి చెంబు రంగులో ఉంది. ఇది ఒకప్పుడు మార్చిలో కాచి, వేసవంతా చల్లటి చోట నిలవ ఉంచే బీరు అని చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టేసి, "పొద్దున దించిన కల్లు పొద్దుగూకేసరికి పులుస్తది. దీన్ని అన్ని నెలలు ఎట్ల ఆపిన్రు?" అన్నాడు.

జవాబు మర్నాడు దొరికింది. సిన్సినాటిలోనే ఓవర్-ద-రైన్ (అంటే 'రైన్ అవతల') అనే పేటలో పాత బ్రూవరీల కింద రాతి సొరంగాలు తవ్వి అందులో బీరు నిలవ చేసేవాళ్లు. ఆ టూరు తప్పక చేయండి. మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. పేట పేరుకి కారణం ఒక కాలువ. మయామి-ఈరీ కాలువ దాటితే జర్మన్ల ఇళ్లే కాబట్టి ఆ కాలువని జర్మనీలో ఉన్న 'రైన్ నది' పేరుతో పిలిచేవాళ్లట. ఇప్పుడు ఆ కాలువ మీదే సెంట్రల్ పార్క్‌వే రోడ్డుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల మీద కోపంతో ఇక్కడి వీధుల పేర్లు మార్చేశారు. 1918లో బ్రెమెన్ వీధి రిపబ్లిక్ వీధి అయింది. ఆ పలక ముందు నిలబడితే నాకు మనసు బరువెక్కింది. సొంత ఊళ్లోనే తమ భాష దాచుకోవాల్సి రావడం చిన్న కష్టం కాదు.

బస విషయం. మొదటి రాత్రి డౌన్‌టౌన్ హోటల్లో దిగాం. గది సాయంత్రం ఆరింటికి గానీ ఇవ్వలేదు, పైగా పార్కింగ్ ఫీజు సంగతి బిల్లులో చూశాకే తెలిసింది. రెండో రాత్రికి నది అవతల కవింగ్టన్‌కి మారాం. అక్కడ ప్రశాంతంగా ఉంది, పండగకి రోబ్లింగ్ వంతెన మీదుగా నడిచి వెళ్లొచ్చు. కార్లు పోతుంటే వంతెన తుమ్మెదల గుంపులా ఝుమ్మంటుంది. ఊళ్లో తిరగడానికి స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఉచితం, ఫిండ్లే మార్కెట్ దాకా తీసుకెళ్తుంది.

మూడోది మిన్‌స్టర్, అక్టోబరు మొదటి వారాంతం. కొలంబస్ నుంచి గంటన్నర పైనే. మొక్కజొన్న చేల మధ్య, దూరం నుంచే జంట గోపురాల చర్చి కనిపించే చిన్న ఊరు. అక్కడ పెద్ద పెరుగు ఫ్యాక్టరీ కూడా ఉందని తెలిసి మా ఆవిడ తెగ సంతోషపడింది. మూడింట్లో నా ఓటు దీనికే. స్టాళ్ల దగ్గర వడ్డించేవాళ్లు ఊరివాళ్లే, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. నిండు మగ్గులు ట్రేలో పెట్టుకుని పరిగెత్తే రిలే పోటీలో ఒకావిడ ఒక్క చుక్క ఒలకకుండా వచ్చేసరికి వీధంతా చప్పట్లు. మా పక్కన కూర్చున్న ముసలాయన బాపుకి పోల్కా డాన్సు అడుగులు నేర్పించాడు. భాష రాకపోయినా ఇద్దరూ అరగంట ఆడారు. "మా కొమురవెల్లి లెక్కనే ఉన్నది" అన్నాడు బాపు, చెమట తుడుచుకుంటూ.

ఆ ఊళ్లో గదులు దొరకడం కష్టం. మేం అరగంట దూరంలో వాపకొనేటాలో ఉన్నాం. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఊరది, ఉదయం ఆయన పేరున్న మ్యూజియం కూడా చూసేశాం.

ఆదివారం పరేడ్‌కి ముందు ఊరి చివర నీటి పక్కన నడిచాం. అది అదే మయామి-ఈరీ కాలువ. సిన్సినాటిలో రోడ్డు కింద పోయింది ఇక్కడ ఇంకా ఆకాశం కింద ఉంది. బాపు ఒడ్డున కూర్చుని చెయ్యి ముంచి చూశాడు. నీళ్ల మీద ఎర్రటి మేపుల్ ఆకులు తేలుతున్నాయి, వీధిలోంచి బ్యాండు మొదలైన చప్పుడు వినిపిస్తుంటే పాప ఆయన వేలు పట్టుకుని లాగింది.