చెక్క పెట్టెలో పాముకు వెచ్చదనం: మ్యాటా, సిరామిక్కా, ప్యానెలా?

కార్తీకం వస్తే మా అమ్మ అనంతపురంలో నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్తుంది. సరిగ్గా అవే రోజుల్లో నేను మారతహళ్లిలో మా బాల్ పైథాన్ పెట్టెకు హీటరు సరిచూసుకుంటుంటాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల దాకా దిగిపోతుంది. మా పాముదేమో ఆఫ్రికా జాతి. పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, రెండో పక్క 26 దాకా ఉండాలి. రాత్రి కూడా 24 కంటే తగ్గనివ్వకూడదు. చల్లబడితే తిన్నది అరగక కక్కేస్తుంది, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది.

ముందే ఒక మాట. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం ఉన్నవాళ్ల కోసమే ఈ రాత.

మాది నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తున్న ప్లైవుడ్ పెట్టె, ముందు జరిపే అద్దాలు. చెక్క వేడిని బాగా నిలుపుతుంది, అదే దాని గొప్ప. ఇబ్బంది కూడా అక్కడే ఉంది.

హీట్ మ్యాట్ సంగతి త్వరగా తేల్చేస్తాను. గాజు తొట్టెకు అడుగున అంటిస్తే పనిచేసే మ్యాట్, చెక్క అడుగున పెడితే పనికిరాదు. 18 ఎం.ఎం. ప్లైవుడ్‌ను దాటి వేడి పెద్దగా పైకి రాదు, కిందే చిక్కుకుని మ్యాట్‌నూ చెక్కనూ కాలుస్తుంది. పోనీ లోపల పరుద్దామంటే పాము దాని కిందికి దూరుతుంది, నీళ్ల గిన్నె ఒలుకుతుంది. పొట్ట కింద కాలుతున్నా పాము వెంటనే పక్కకు జరగదు. చర్మం కమిలిపోయేదాకా అలాగే పడుకుని ఉంటుంది. చెక్క పెట్టెకు మ్యాట్ వద్దు.

ఇక మిగిలినవి బల్బులాంటి సిరామిక్ హీటరు, కప్పుకు బిగించే పలకలాంటి రేడియంట్ ప్యానెల్. రెండూ వెలుగు ఇవ్వవు కాబట్టి రాత్రంతా వేసి ఉంచొచ్చు.

నేను మొదట సిరామిక్కే పెట్టాను. చవక, చిన్నది, 100 వాట్లది మా పెట్టెకు సరిపోయింది. బల్బులాగే హోల్డర్‌లో బిగిస్తారు. ఆ హోల్డర్ పింగాణీదై ఉండాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. దాని ఒంటి వేడి 200 డిగ్రీలు దాటుతుంది. పైథాన్లకు పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలుంటాయి. వెచ్చటి వస్తువుంటే వెతుక్కుంటూ వెళ్లి చుట్టుకుంటాయి. అందుకని సిరామిక్ చుట్టూ ఇనుప జాలీ బిగించి తీరాలి, అదీ పాము తల పట్టనంత సన్న కన్నుల జాలీ. దీంతో ఇంకో చిక్కు, గాలి పొడిబారుతుంది. తేమ 55 శాతానికి తగ్గితే కుబుసం ఒక్క పొరగా ఊడక ముక్కలు ముక్కలుగా అంటుకుపోతుంది.

మొదటి జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి వడ్రంగి షెడ్డులో వచ్చే వాసన లాంటిది వచ్చి లేచాను. హీటరును ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్‌కు వేడిని కొలిచే తీగ ఒకటి ఉంటుంది, దాన్ని ప్రోబ్ అంటారు. ఆ ప్రోబ్‌ను పెట్టె లోపలి గోడకు టేపుతో అంటించాను. నీళ్లు చిలకరించిన తేమకు ఆ టేపు ఊడి, ప్రోబ్ తలుపు సందులోంచి బయటికి వేలాడుతోంది. బయట గది 18 డిగ్రీలు. థర్మోస్టాట్ లెక్కలో పెట్టె ఇంకా చల్లగానే ఉంది, కాబట్టి రాత్రంతా హీటరు ఆగలేదు. సిరామిక్ పైన కప్పు ప్లైవుడ్ అరచేయంత మేర గోధుమరంగుకు మాడింది. పాము చల్లటి మూలలో నీళ్ల గిన్నెను కరుచుకుని ఉంది. అద్దాలు తెరిచి, దాన్ని చేతుల్లోకి తీసుకున్నాక గానీ నా గుండె దడ తగ్గలేదు. తర్వాత చదివితే తెలిసింది, పెట్టె లోపల టేపు అసలు వాడకూడదట. పాము దానికి అంటుకుంటే, టేపు పొలుసులతో సహా ఊడొస్తుంది.

ఇప్పుడు కప్పుకు 80 వాట్ల రేడియంట్ ప్యానెల్ బిగించాను. పలకలా ఉంటుంది, వేడిని కింది వైపే పంపుతుంది. ఆ వేడి పలకంతా పరుచుకుంటుంది కాబట్టి సిరామిక్‌లా ఒక్కచోట భగ్గుమనదు. తేమ కూడా అంతగా లాగదు. ధర మాత్రం సిరామిక్‌కు చాలా రెట్లు, ఇక్కడ దొరకడమూ కష్టమే. అయినా చెక్క పెట్టెకు నా ఓటు దీనికే. అంత డబ్బు పెట్టలేకపోతే సిరామిక్ తప్పేమీ కాదు, కానీ జాలీ ఉండాలి, చెక్కకు కనీసం జానెడు ఎడం ఇవ్వాలి, పైన ఒక లోహపు రేకు కొట్టించాలి. ఎత్తు తక్కువ పెట్టెలో సిరామిక్ ఆలోచనే వద్దు.

ఏది పెట్టినా థర్మోస్టాట్ దగ్గర పిసినారితనం చేయకండి. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరికే రిలే రకాలు టిక్కుమని ఆన్, ఆఫ్ అవుతాయి. ఏళ్లు గడిస్తే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి హీటరు ఆన్‌లోనే ఉండిపోవచ్చు. సిరామిక్‌కూ ప్యానెల్‌కూ కరెంటును చిన్న చిన్న విడతలుగా ఇచ్చే పల్స్ రకం నప్పుతుంది. నేను రెండు థర్మోస్టాట్‌లను ఒకదాని వెనక ఒకటి పెట్టాను, మొదటిది 32 దగ్గర, రెండోది 36 దగ్గర కట్ చేస్తుంది. ప్రోబ్‌ను స్క్రూలు, క్లిప్పుతో బిగించాను. వారానికోసారి దూరం నుంచే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పాము పడుకునే చోటా, కప్పు చెక్క మీదా చూస్తాను. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు, నేరుగా గోడ సాకెట్‌కే ఇవ్వండి.

కరెంటు లెక్కకు టెన్షన్ పడక్కర్లేదు. 80 వాట్ల ప్యానెల్ రోజులో సగం సేపు పనిచేసిందనుకుంటే దాదాపు ఒక యూనిట్.

ఈ సంక్రాంతికి అమ్మ వచ్చింది. రాత్రి పూట పాము అనొద్దు, పురుగు అను అంటుంది ఎప్పుడూ. రెండో రోజు రాత్రి కరెంటు పోయింది. "ఒరే, పురుగుకు చలేస్తుందేమో చూడు" అంది దుప్పటి కప్పుకుంటూ. గంటన్నర తర్వాత గన్ పెట్టి చూస్తే వెచ్చటి పక్క 28 చూపించింది. వేడినీళ్ల సీసా తువ్వాలులో చుట్టి సిద్ధంగా ఉంచాను గానీ, దాని అవసరం పడకముందే కరెంటు వచ్చింది.