నెక్‌లో దాగిన కడ్డీయే ఈ గిటారుకు బలం

ఈ అకూస్టిక్ గిటారు నా చేతికి వచ్చి చాలాకాలమైంది. చెక్క, ఆకారం, పాలిష్ సంగతులు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. దీన్ని మార్చాలని నాకు ఇప్పటికీ అనిపించకపోవడానికి ముఖ్య కారణం నెక్ మీద వేళ్లు నొక్కే పలక, అంటే ఫింగర్‌బోర్డు కింద దాగివున్న ట్రస్ రాడ్. నెక్ వంపును సరిచేసే లోహపు కడ్డీ అది. అందులోనూ అది రెండు వైపులా పనిచేసే రకం, అంటే నెక్‌ను వెనక్కీ ముందుకూ వంచగలదు.

దాని విలువ తీగలు మార్చినప్పుడు తెలిసింది. వేళ్లకు హాయిగా ఉంటుందని 12 గేజ్ సెట్టు తీసేసి, అంతకన్నా సన్నని 11 గేజ్ ఎక్కించాను (గేజ్ అంటే తీగ మందం). గాలి బాగా పొడిబారిన రోజులు కూడా అవి. అప్పటినుంచి లావు తీగను మొదటి నాలుగు ఫ్రెట్లలో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో) ఎక్కడ నొక్కి మీటినా జర్రుమని రొద. ఎఫ్ కార్డు పట్టుకుంటే స్వరం కన్నా ముందు లోహపు చప్పుడే వినిపించేది. ఐదో ఫ్రెట్ దాటితే మాత్రం శుభ్రంగా పలికేది. జబ్బు నెక్ వంపులో ఉందని అనుమానం వచ్చింది అక్కడే.

ఇలాంటప్పుడు సాడిల్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనుకునే పట్టీ) ఎత్తు పెంచమని చాలామంది సలహా ఇస్తారు. పెంచితే రొద తగ్గవచ్చు, కానీ పై ఫ్రెట్లలో తీగ నొక్కడం కష్టమవుతుంది, మూలం అలాగే ఉంటుంది. అందుకే మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగించి, లావు తీగను 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూశాను. బిగిసిన తీగే అక్కడ కొలబద్ద. సుమారు 0.2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాల్సిన చోట పల్చటి కాగితం కూడా దూరలేదు. 12 గేజ్ సెట్టు నెక్‌ను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. సన్న తీగలతో ఆ లాగుడు తగ్గేసరికి, పాత బిగుతులోనే ఉన్న రాడ్‌ది పైచేయి అయింది. నెక్ వెనక్కి వాలింది.

శబ్దరంధ్రం గుండా అలెన్ కీ పెట్టి అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పాను. మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి, సందు చూసుకుని మరో పావు. కొంతసేపటికి రాడ్ చివరి మర పూర్తిగా వదులైపోయింది, అయినా రొద పోలేదు. ఒకవైపే పనిచేసే రాడ్ అయితే కథ అక్కడితో ఆగిపోయేది. దీంట్లో ఇంకొంచెం తిప్పగానే మర మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంది, ఈసారి నెక్‌ను ముందుకు నెట్టడానికి! సందు వచ్చింది. ఎఫ్ కార్డులో ఆరు తీగలూ విడివిడిగా, నిండుగా మోగాయి. ఆ ఆనందం ఇంతని మాటల్లో చెప్పలేను.

అయితే ఒకప్పుడు ఈ గిటారు యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) గురించి నేను తెగ మెచ్చుకునేవాణ్ని. కంపెనీ నుంచి వచ్చినప్పుడే తీగలు అంత కిందికి ఉండటానికి నెక్ మరీ నిటారుగా ఉండటం కూడా ఒక కారణమని ఇప్పుడు అనిపిస్తోంది. పైగా రాడ్ మర గిటారు లోపలి బ్రేస్‌కు, అంటే బలం కోసం అతికించిన చెక్క పట్టీకి అవతల ఉంది. మామూలు పొట్టి కీ అందదు, పొడవైన కీ పెట్టెలో ఇవ్వలేదు. మధ్య తీగలు వదులు చేస్తే తప్ప చెయ్యి దూరదు. వాడేవాళ్లే సరిచేసుకోవాల్సిన భాగాన్ని అంత లోపల పెట్టడం నాకు నచ్చలేదు.

నేను పిక్ లేకుండా వేళ్లతో, మెల్లగా వాయిస్తాను కనుక ఈ సందు నాకు సరిపోయింది. గట్టిగా స్ట్రమ్ చేసేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కావాలి. ఏడాది పొడవునా గాలిలో తేమ ఒకేలా ఉండే గదిలో గిటారు ఉంచి, తీగల గేజ్ మార్చనివాళ్లకు ఈ రాడ్ అవసరమే పడకపోవచ్చు. వాళ్లను దీనికోసం ఈ గిటారు కొనమని చెప్పలేను. ఇక రెండో తీగను 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే 13వ ఫ్రెట్‌కు తగిలి వచ్చే చిన్న రొద నా గిటారులో ఇంకా ఉంది. అది ఫ్రెట్ ఎత్తులో లోపం, రాడ్ తిప్పితే పోయేది కాదు. ఆ ఫ్రెట్‌ను పనితెలిసినవాళ్ల చేత సమం చేయించాలి.