ఫైర్‌ఫాక్స్ సమీక్ష: బ్రౌజర్ మీద నమ్మకముంది, మొజిల్లా తీరు మీదే బెంగ

ఫైర్‌ఫాక్స్‌ని నేను ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను. లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ అదే నా మెయిన్ బ్రౌజర్. కాబట్టి ఇది నాలుగు రోజులు వాడి చూసి రాస్తున్న సమీక్ష కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఫైర్‌ఫాక్స్ వాడండి. మామూలు మనిషి చేతికి ఇంత అధికారం ఇచ్చే పెద్ద బ్రౌజర్ ఇవాళ ఇంకోటి లేదు. కానీ దాన్ని తయారుచేసే మొజిల్లా ఈమధ్య తీసుకున్న కొన్ని నిర్ణయాలు నాకు మింగుడుపడలేదు. ఈ రెండు సంగతుల్నీ విడదీసి చెప్పడం కుదరదు. బ్యాంకు, మెయిలు, మెడికల్ రిపోర్టులు, ఎవరికీ చెప్పకుండా వెతుక్కునే సందేహాలు అన్నీ బ్రౌజర్ గుండానే వెళ్తాయి. దాన్ని తయారుచేసేవాళ్లు ఎలాంటివాళ్లో చూడకుండా దాని గురించి రాయడం దండగ.

నేను ఇందులోనే ఉండిపోవడానికి మొదటి కారణం యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. యాడ్స్ ఆపుతుందని అందరూ అంటారు గానీ అది చేసే పని అంతకంటే చాలా పెద్దది. ఏదైనా వార్తల పేజీ తెరిచి, టూల్‌బార్‌లో దాని ఎర్ర డాలు గుర్తు నొక్కి, వివరాలు విప్పి చూడండి. ఆ పేజీ ఏయే డొమైన్లతో మాట్లాడబోయిందో వరసగా కనిపిస్తుంది. ఒకటి ఫాంట్ కోసం, ఒకటి వీడియో కోసం. అవి సరే. మిగతావి? మీరు ఎక్కడి నుంచి వచ్చారో రాసుకునేది ఒకటి, మీకు చూపించబోయే యాడ్ స్థలాన్ని రెప్పపాటులో వేలం వేసేది ఇంకోటి, మౌస్ ఎటు కదిలిందో, ఎక్కడ ఆగిందో రికార్డు చేసేది మరోటి. మీరు చదవడానికి వచ్చింది మాత్రం ఒక్క వార్త. ఆ జాబితాని ఒకసారి కళ్లారా చూసినవాళ్లకి ప్రైవసీ గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు.

ఈ ఎక్స్‌టెన్షన్ ఇప్పుడు క్రోమ్‌లో పనిచేయదు. గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చి మానిఫెస్ట్ వీ3 అనే పద్ధతి తెచ్చింది. పాత పద్ధతిలో పేజీ పంపే ప్రతి రిక్వెస్టునీ ఎక్స్‌టెన్షన్ చూసి, వెళ్లనివ్వాలా ఆపాలా అని అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో అది ముందే రూల్స్ జాబితా ఇచ్చి పక్కన కూర్చోవాలి, తేల్చేది బ్రౌజరే. ఇలాగైతే తన ఎక్స్‌టెన్షన్ బతకదని దాన్ని రాసిన రేమండ్ హిల్ 2019లోనే హెచ్చరించారు. 2024లో క్రోమ్ పాతవాటిని ఆపడం మొదలుపెట్టి, 2025 మధ్యకల్లా పూర్తిగా ఆపేసింది. భద్రత కోసమే ఈ మార్పు అని గూగుల్ అంది. దొంగ ఎక్స్‌టెన్షన్లు జనం డేటా లాగేసిన మాట నిజమే. కానీ ఒక సంగతి గమనించండి. కొత్త పద్ధతిలోనూ అనుమతి తీసుకున్న ఎక్స్‌టెన్షన్ రిక్వెస్టులని చూడగలదు. పోయింది చూసే అధికారం కాదు, ఆపే అధికారం. డేటా దొంగిలించేవాడికి చూడటం చాలు. ఆపడం కావలసింది నాలాంటి వాళ్లకి. ఆదాయంలో సింహభాగం ప్రకటనల మీద వచ్చే కంపెనీ ఈ మార్పు చేస్తే, అది కాకతాళీయమని నేను నమ్మను.

క్రోమ్ కోసం యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనేది ఉంది. ఏమీ లేనిదానికంటే చాలా నయం, మామూలు యాడ్స్ ఆపుతుంది. అయితే ట్రాకర్ కంపెనీలు వేసే ఎత్తు ఒకటుంది. తమ సర్వర్‌ని మీరు చూస్తున్న సైటు సొంత సబ్‌డొమైన్ పేరు వెనక దాచేస్తాయి. ఆ ముసుగు తీయాలంటే, ఆ పేరు నిజంగా ఏ సర్వర్‌కి దారితీస్తుందో చెప్పే డీఎన్ఎస్ రికార్డుని ఎక్స్‌టెన్షన్ చూడగలగాలి. ఆ వీలు ఫైర్‌ఫాక్స్ ఇస్తుంది, క్రోమ్ ఇవ్వలేదు. పాత పద్ధతిని కూడా తాము తీసెయ్యబోమని మొజిల్లా బహిరంగంగా చెప్పింది, ఇప్పటిదాకా ఆ మాట మీదే ఉంది. ఈ విషయంలో వాళ్లకి నా పూర్తి మార్కులు.

రెండో కారణం కంటైనర్లు, అంటే ట్యాబులని వేరువేరు అరల్లా విడదీసే సదుపాయం. ఇవి అలవాటయ్యాక ఇంకో బ్రౌజర్‌లో కూర్చుంటే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. నీలం గీత ఉన్న ట్యాబ్‌లో ఆఫీసు మెయిలు, నారింజ గీతలో సొంత మెయిలు, ఆకుపచ్చలో బ్యాంకు. ఒక కంటైనర్‌లోని కుకీలు, అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం, ఇంకోదానికి కనిపించవు. ఒకే సైటులో రెండు అకౌంట్లు పక్కపక్క ట్యాబుల్లో తెరుచుకోవచ్చు. సోషల్ మీడియా సైట్లు ఎప్పుడు తెరిచినా వాటికి కేటాయించిన కంటైనర్‌లోనే తెరుచుకునేలా పెట్టుకున్నాను. దాంతో బయట నేను చూసే పేజీల్లోని లైక్ బటన్లకి నా లాగిన్ తెలియదు. కేంబ్రిడ్జ్ అనలిటికా బాగోతం బయటపడిన 2018 మార్చిలోనే మొజిల్లా ఫేస్‌బుక్ కోసం ప్రత్యేకంగా ఒక కంటైనర్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేసింది. క్రోమ్‌లో ప్రొఫైళ్లు ఉన్నాయి కదా అని కొందరంటారు. అది వేరే విండో, వేరే బుక్‌మార్కులు, మళ్ళీ ఎక్స్‌టెన్షన్లన్నీ మొదటి నుంచి పెట్టుకోవడం. రెండూ వాడి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇవేవీ పెట్టుకోకపోయినా 2022 జూన్ నుంచి డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్ ఏ సైటు కుకీలని ఆ సైటుకే పరిమితం చేసి, దేనిది దానికి విడిగా దాస్తోంది. సెట్టింగ్ మార్చక్కర్లేదు, డిఫాల్ట్‌గానే. అదే గూగుల్ సంగతి చూడండి. థర్డ్ పార్టీ కుకీలని, అంటే మనం చూసే సైటువి కాక బయటి కంపెనీలు పెట్టే కుకీలని, రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పింది. వాయిదా మీద వాయిదా వేసింది. 2024 జులైలో తీసెయ్యడం లేదంది. వాడేవాళ్లని విడిగా అడుగుతామన్న మాటని కూడా 2025 ఏప్రిల్‌లో వదిలేసింది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సైట్లు తయారుచేసేవాళ్ల పుణ్యమే. ఒక ఆఫీసు పోర్టల్ అయితే తెరవగానే 'మీ బ్రౌజర్‌లో పనిచేయదు, క్రోమ్ వాడండి' అనేసేది. బ్రౌజర్ తనెవరో సైటుకి చెప్పుకునే యూజర్ ఏజెంట్ అనే వాక్యం ఒకటుంటుంది. ఓ చిన్న ఎక్స్‌టెన్షన్‌తో దాన్ని క్రోమ్‌దిలా మార్చి మళ్ళీ తెరిచాను. లాగిన్ అయింది, ఫారం నింపాను, ఫైల్ అప్‌లోడ్ అయింది, రసీదు కూడా వచ్చింది. అంటే పనిచేయకపోవడానికి కారణమేమీ లేదు. టెస్ట్ చేసే ఓపిక లేక గేటు దగ్గరే ఆపేశారు. దీనికి నాకు నిజంగా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఈ కథ మనం ఇంతకుముందు చూసిందే. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చాక పోటీ అనేదే లేకుండా పోయింది. సైట్లన్నీ దాన్ని చూసే రాశారు. మైక్రోసాఫ్ట్ తర్వాతి వెర్షన్ తేవడానికి 2006 దాకా పట్టింది, అది కూడా 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చి జనాన్ని లాక్కోవడం మొదలుపెట్టాక. ఇవాళ ఆ స్థానంలో క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం ఉంది. ఒపెరా 2013లోనే, పేజీని తెరమీద చూపించే తన సొంత ఇంజిన్ వదిలేసింది. ఎడ్జ్ 2020లో క్రోమియం మీదకి వచ్చేసింది. బ్రేవ్, వివాల్డీ కూడా దాని మీద కట్టినవే. ప్రైవసీ కోసం బ్రేవ్‌కి మారామనేవాళ్లని నేను తప్పుపట్టను, మంచి బ్రౌజరే. కానీ ఇంజిన్ లోపల ఏముండాలో తేల్చడంలో పైచేయి గూగుల్‌దే. ఆపిల్ వెబ్‌కిట్‌ని పక్కన పెడితే, పెద్ద స్థాయిలో మిగిలిన వేరే ఇంజిన్ ఫైర్‌ఫాక్స్‌లోని గెకో ఒక్కటే. స్టాట్‌కౌంటర్ లెక్కల్లో 2009 చివర్లో ఫైర్‌ఫాక్స్ వాటా 30 శాతం పైన ఉండేది. ఇప్పుడు 2, 3 శాతాల మధ్య కొట్టుమిట్టాడుతోంది. నేను రోజూ వాడే వస్తువు ఇంత సన్నటి దారం మీద వేలాడుతోందంటే టెన్షన్‌గానే ఉంటుంది.

ఆ దారం కొస పోటీదారు చేతిలోనే ఉంది. సెర్చ్‌కి గూగుల్‌ని డిఫాల్ట్‌గా పెట్టినందుకు గూగుల్ ఇచ్చే డబ్బే మొజిల్లాకి ప్రధాన ఆధారం. అమెరికాలో గూగుల్ మీద నడిచిన గుత్తాధిపత్య కేసులో 2025 మేలో మొజిల్లా ఫైనాన్స్ అధికారి ఎరిక్ ముల్‌హైమ్ సాక్ష్యం చెప్పారు. కంపెనీ ఆదాయంలో 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచి, అందులో 85 శాతం గూగుల్ ఒప్పందం నుంచి వస్తోందని. గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తేల్చారు. 2025 సెప్టెంబరులో పరిష్కారం ప్రకటిస్తూ ప్రత్యేక హక్కుల ఒప్పందాలు కుదరవన్నారు గానీ, డిఫాల్ట్ కోసం డబ్బు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపలేదు. తీర్పు వచ్చిన రోజు నాకు ఊరటగా అనిపించింది. ఒక గుత్త సంస్థ డబ్బు ఇవ్వడం ఆగిపోతే దాని పోటీదారు కూలిపోయే పరిస్థితి ఉండటమే అసలు జబ్బు. తీర్పు దాన్ని నయం చేయలేదు, వాయిదా వేసింది.

డబ్బు కోసం వేరే దారులు వెతుకుతూ మొజిల్లా వేసిన అడుగులే నాకు బెంగ. 2024 జూన్‌లో అనోనిమ్ అనే ప్రకటనల కొలతల కంపెనీని కొనుక్కుంది. మరుసటి నెల ఫైర్‌ఫాక్స్ 128లో, ప్రకటనలు ఎంత పనిచేశాయో కొలిచే ఒక ఫీచర్‌ని మనల్ని అడక్కుండానే ఆన్ చేసి పెట్టింది. అది మామూలు ట్రాకింగ్ కంటే మెరుగైన పద్ధతే, కాదనను. కానీ అడగాలి కదా! ప్రైవసీ హక్కుల కోసం పోరాడే నోయిబ్ సంస్థ ఆ సెప్టెంబరులో యూరప్‌లో ఫిర్యాదు చేసింది, సరైన పనే చేసింది.

ఆ తర్వాత 2025 ఫిబ్రవరి. ఫైర్‌ఫాక్స్‌కి మొదటిసారిగా వాడుక నిబంధనలు పెట్టారు. బ్రౌజర్‌లో మనం టైప్ చేసే, అప్‌లోడ్ చేసే సమాచారం మీద మొజిల్లాకి ప్రపంచవ్యాప్త లైసెన్సు ఇస్తున్నట్టు అందులో ఒక వాక్యం. అదే సమయంలో, మీ వ్యక్తిగత డేటా ఎప్పుడూ అమ్మలేదు, ఎప్పటికీ అమ్మం అనే పాత హామీ వాళ్ల ప్రశ్నలు-జవాబుల పేజీ నుంచి మాయమైంది. జనం భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే లైసెన్సు వాక్యాన్ని తిరగరాశారు. హామీ విషయంలో ఇచ్చిన వివరణ ఏమిటంటే, కొన్ని చోట్ల చట్టాలు డేటా అమ్మకాన్ని చాలా విశాలంగా నిర్వచించాయి, భాగస్వాములతో కొంత డేటా పంచుకుంటున్నాం కాబట్టి ఆ మాట గట్టిగా అనలేం అని. వివరణ నిజమే కావచ్చు. అయితే నా ప్రశ్న వేరు. ఆ నిర్వచనం కిందకి వచ్చే పని చేస్తున్నామని తెలిసినప్పుడు ఆ పని మానేసి హామీని నిలబెట్టుకోవచ్చు. వాళ్లు హామీని మానేసి పనిని నిలబెట్టుకున్నారు. మిగతా అన్నింటినీ సర్దుకోగలను గానీ, దీన్ని సర్దుకోలేకపోతున్నాను.

ఏఐ గొడవ దీనికంటే చిన్నదని నా లెక్క. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త సీఈఓ ఆంథనీ ఎన్జర్-డిమియో ఫైర్‌ఫాక్స్‌ని ఏఐ బ్రౌజర్‌గా మారుస్తామన్నారు. వ్యతిరేకత రాగానే ఏఐ ఫీచర్లన్నీ ఒకేసారి ఆపేసే స్విచ్ ఇస్తామని చెప్పారు. స్విచ్ ఉంటే నాకు అభ్యంతరం లేదు. 2023 నుంచి ఉన్న పేజీ అనువాదం కూడా ఆ జాతిదే, అది మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, చదివే పేజీ ఏ సర్వర్‌కీ వెళ్లదు. అలాంటివి ఎన్ని తెచ్చినా సంతోషమే. ట్యాబ్ గ్రూపులు, నిలువు ట్యాబులు మాత్రం 2025 దాకా ఇవ్వకుండా జనాన్ని అడిగించుకున్నారు, ఆ శ్రద్ధ ఇక్కడ పెట్టాల్సింది.

కొత్తగా మారదామనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి స్థాయిలో నడుస్తుంది, నా దృష్టిలో ఫోన్‌కి ఇంతకంటే పెద్ద సదుపాయం లేదు. అయితే ఒక్కో సైటుని విడి ప్రాసెస్‌లో ఉంచే భద్రత డెస్క్‌టాప్‌లో 2021లో వస్తే, ఆండ్రాయిడ్‌లో బాగా వెనకబడింది. ఐఫోన్‌లో పేరు ఫైర్‌ఫాక్స్, లోపల ఆపిల్ వెబ్‌కిట్. ఈ ఎక్స్‌టెన్షన్లేవీ అందులో ఉండవు. కీబోర్డు లాంటివాటిని వెబ్‌సైటు నుంచే సెట్ చేసుకునేవాళ్లకి క్రోమియం బ్రౌజర్ ఒకటి పక్కన ఉండాల్సిందే. సింక్ బాగుంటుంది, డేటా మన దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. కాబట్టి రికవరీ కీ ముందే దాచుకోండి. ఇన్‌స్టాల్ చేసిన రోజే సెట్టింగుల్లోకి వెళ్లి టెలిమెట్రీ (మన వాడకం వివరాలు మొజిల్లాకి పంపేది), కొత్త ట్యాబ్‌లోని స్పాన్సర్డ్ షార్ట్‌కట్లు, అడ్రస్ బార్‌లోని స్పాన్సర్డ్ సలహాలు, ప్రకటనల కొలతల టిక్కు కనిపిస్తే అదీ తీసెయ్యండి.

ఇక డబ్బు సంగతి. మొజిల్లా ఫౌండేషన్‌కి విరాళం ఇస్తే అది ఫైర్‌ఫాక్స్ తయారీకి పోదు. బ్రౌజర్ పని చూసేది మొజిల్లా కార్పొరేషన్. ఇచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు. అదే గూటిలోని థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్ మాత్రం వాడేవాళ్ల విరాళాల మీదే నడుస్తోంది. 2022లో వాళ్లకి 64 లక్షల డాలర్లు వచ్చాయి. ఫైర్‌ఫాక్స్ ఖర్చు ముందు అది చిన్న మొత్తమే, గూగుల్ డబ్బుకి బదులు కాదు. అయినా నేరుగా బ్రౌజర్‌కే వెళ్లే విరాళాల పేజీ ఒకటి పెట్టాలి, దాంతోపాటు డేటా అమ్మమన్న ఆ పాత హామీని నిబంధనల్లోకే ఎక్కించాలి. ఈ రెండూ చేస్తే నా వంతు డబ్బు ప్రతి ఏటా నేను ఇస్తాను.