రోజూ వెంట ఉంచుకునే మల్టీటూల్: బరువైనదా, తేలికైనదా?

ప్లయర్స్, కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి మడిచి ఒకే సాధనంలో ఇమిడ్చిన మల్టీటూల్ కొనదలచినవారు ముందుగా అందులో ఎన్ని పనిముట్లున్నాయో లెక్కపెడతారు. ఆ లెక్క కంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయని నా అభిప్రాయం. దాన్ని ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటాము, దాని ప్లయర్స్‌తో ఎంత గట్టి పని చేయిస్తాము అన్నవే అవి. లెదర్‌మ్యాన్ సంస్థ తయారుచేసే సర్జ్, వేవ్ ప్లస్, స్కెలిటూల్‌లతో పాటు విక్టొరినాక్స్ సంస్థ స్విస్‌టూల్ స్పిరిట్‌ను కూడా ఈ రెండు ప్రశ్నలతోనే పరిశీలించాను.

స్కెలిటూల్ బరువు 142 గ్రాములు, వేవ్ ప్లస్ 241 గ్రాములు, సర్జ్ దాదాపు 350 గ్రాములు. మడిచినప్పుడు మొదటి రెండింటి పొడవు సుమారు 10 సెంటీమీటర్లే కాబట్టి కాగితం మీద అవి దగ్గరి బంధువుల్లాగే కనిపిస్తాయి. కానీ ఫోను, తాళాలు ఉన్న ప్యాంటు జేబులోకి చేరాక ఆ వంద గ్రాముల తేడా స్పష్టంగా తెలిసివస్తుంది. వేవ్ ప్లస్ నడకలో తొడకు తగులుతూ, కూర్చున్నప్పుడు అడ్డుపడుతూ ఉంటుంది. స్కెలిటూల్ మాత్రం తన క్లిప్పుతో జేబు అంచున నిలబడి, ఉన్న సంగతే గుర్తురానివ్వదు. సర్జ్‌ను జేబులో మోయాలనుకోవడమే సరికాదు. దానికి బెల్టు పౌచ్ గానీ, పనిముట్ల సంచి గానీ ఉండాలి. రోజూ పౌచ్ ధరించడం ఇష్టంలేనివారు ఇక్కడే తమ నిర్ణయం తీసుకోవచ్చు.

అయితే ఆ బరువు వృథాగా పోదు. 1983లో టిమ్ లెదర్‌మ్యాన్ మార్కెట్లోకి తెచ్చిన తొలి పనిముట్టు నాటి నుంచీ ఈ తరహా సాధనాలకు ప్లయర్సే కేంద్రం. బరువైన వాటిలో ఎక్కువ లోహం చేరేది కూడా దాని దవడల్లోనూ, కీలులోనూ, పిడుల్లోనూ. తుప్పుపట్టి బిగుసుకుపోయిన నట్టును సర్జ్‌తో పట్టి తిప్పినప్పుడు మన బలమంతా నట్టుకే చేరుతుంది. అదే పని తేలికైన దానితో చేయబోతే పిడులు కొద్దిగా వంగినట్లు అనిపించి, సన్నని అంచులు అరచేతిలో గుచ్చుకుంటాయి, చివరికి దవడలు జారి నట్టు మూలలు అరిగిపోతాయి. గట్టి తీగ కత్తిరించడంలోనూ ఇదే పరిస్థితి. సర్జ్, వేవ్ ప్లస్‌లలో తీగ కత్తిరించే అంచులు విడిగా బిగించినవి కావడం వల్ల, మొద్దుబారినా పెచ్చులూడినా వాటిని మాత్రమే మార్చుకోవచ్చు. ఈ ఏర్పాటును నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను, ఎందుకంటే నిత్యం వాడే ప్లయర్స్‌లో ముందుగా పాడయ్యేది సాధారణంగా ఆ భాగమే.

కత్తి విషయంలో మాత్రం బరువు పెరిగినంత మాత్రాన ప్రయోజనం పెరగదు. స్కెలిటూల్, వేవ్ ప్లస్, సర్జ్ మూడింటి మామూలు రకాల్లోనూ కత్తికి వాడేది 420హెచ్‌సీ అనే రకం స్టెయిన్‌లెస్ ఉక్కే. అది సులువుగా తుప్పుపట్టదు, సానపెట్టడమూ తేలిక, కాకపోతే ఖరీదైన ఉక్కుల కంటే త్వరగా పదును కోల్పోతుంది. పార్సిల్ విప్పడానికో, తాడు కోయడానికో మల్టీటూల్ కావాలనుకునేవారు అదనంగా మోసే బరువుకు తగినంత లాభం పొందరు.

స్క్రూల సంగతి కొంత వివరంగా చెప్పాలి. వదులైన తలుపు పిడిని బిగించాలనుకోండి. దాని స్క్రూ తరచూ లోతైన గుంతలో, తలుపు చెక్కకు ఆనుకుని ఉంటుంది. వెడల్పైన పిడి నుంచి బయటికి తెరుచుకునే బిట్, అంటే స్క్రూను తిప్పే కొన, ఆ గుంతలోకి నిటారుగా దిగదు, దిగినా తిప్పేటప్పుడు పిడి చెక్కకు తగిలి సగం చుట్టులోనే ఆగిపోతుంది. పిడి సన్నగా ఉన్న తేలికైన రకం ఇలాంటి చోట కొంత నయం. పైగా లెదర్‌మ్యాన్ పిడుల్లో పట్టేవి ఆ సంస్థ చేసే చదునైన బిట్లు మాత్రమే. దుకాణాల్లో దొరికే మామూలు ఆరుపలకల బిట్లు వాడాలంటే వారి ఎక్స్‌టెన్షన్, అంటే బిట్‌ను పట్టే పొడిగింపు కడ్డీ, విడిగా కొనుక్కోవాలి. అది లోతైన గుంతలకూ అందుతుంది గనుక, ఏ రకం ఎంచుకున్నా దాన్ని కూడా తీసుకోమని నా సలహా.

తేలికదనం కోసం వదులుకునే వాటిలో నాకు లోటుగా తోచేది కత్తెర. స్కెలిటూల్‌లో ప్లయర్స్, కత్తి, బిట్ డ్రైవర్ లాంటి ముఖ్యమైనవి ఉన్నాయి గానీ కత్తెర, ఆకురాయి, రంపం లేవు. చివరి రెండూ లేకపోయినా ఇబ్బంది ఉండదు, కానీ కత్తెర పనిని కత్తితో చేయబోతే గుడ్డయినా ప్లాస్టిక్ అయినా చిరుగుతుంది తప్ప సాఫీగా తెగదు. ఇక్కడే స్విస్‌టూల్ స్పిరిట్ నన్ను ఆకట్టుకుంది. సుమారు 210 గ్రాముల బరువుతో, కొద్దిగా వంపు తిరిగిన పిడులతో, ప్లయర్స్ తెరవకుండానే బయటి నుంచి తీయగలిగే పనిముట్లతో అది ఈ రెండు వర్గాలకూ మధ్యస్థంగా నిలుస్తుంది. అందులోని స్ప్రింగ్ కత్తెర నిజంగా కత్తిరిస్తుంది. ప్యాంటు జేబుకు అది కూడా కాస్త బరువే, కానీ చేతిసంచి అలవాటున్నవారికి నా మొదటి ఎంపిక అదే.

బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారికి స్కెలిటూల్ సరిపోతుంది. యంత్రాలు, తీగలు, పైపులతో రోజూ పనిపడేవారు సర్జ్ తీసుకోవాలి. వేవ్ ప్లస్ మంచి పనిముట్టే అయినా, పౌచ్ ధరించడానికి అభ్యంతరం లేనివారికే నేను దాన్ని సూచిస్తాను. కత్తి ఉన్న ఏ రకాన్నీ విమానంలో చేతిసామానులో పెట్టకూడదు, లాక్ పడే కత్తుల గురించి స్థానిక చట్టం ఏమంటుందో కూడా ముందే చూసుకోవాలి.

కొనేముందు ప్లయర్స్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. దవడల కొనలు రెండూ సూటిగా కలవాలి, ఒకటి పక్కకు జరిగి ఉంటే దాన్ని వద్దని మరొకటి అడగండి. తరువాత పిడులను పక్కలకు ఊపి కీలు వదులుగా ఉందేమో గమనించి, ప్రతి పనిముట్టునూ ఒకసారి తెరిచి లాక్ పడుతున్నదీ లేనిదీ పరీక్షించండి.